మందు లేని బ్యాచిలరెట్ పార్టీ: సిటీలోనే, తలా 1,200 రూపాయల్లో

 

పోయిన ఎపిసోడ్ కింద ఒక అమ్మాయి కామెంట్ పెట్టింది. "అక్కా, మా ఫ్రెండ్ పెళ్లి ఫిక్స్ అయింది. బ్యాచిలరెట్ పార్టీ నేనే ప్లాన్ చేయాలి. తను తాగదు, పబ్‌కి రాదు, హడావుడి అస్సలు ఇష్టం ఉండదు. గోవా బడ్జెట్ మాకు లేదు. హైదరాబాద్‌లోనే, మందు లేకుండా ఏం చేస్తాం అక్కా? బోర్ కొట్టదా?"

ఇది చదివి నాకు కొంచెం సిగ్గేసింది. ఎందుకంటే ఇలాంటి అమ్మాయికే నేను ఒకసారి పార్టీ ఇచ్చాను. ఫుల్ హడావుడిగా. అది నా జీవితంలో నేను ప్లాన్ చేసిన వాటిలో అన్నిటికంటే చెత్త ఈవెంట్. ఆ తర్వాత ఇంకో ఫ్రెండ్‌కి ఇంకోలా చేశాం. అది ఇప్పటికీ మేమంతా తలుచుకుంటాం. ఈరోజు రెండూ చెప్తాను. మొదటిది ఎందుకు పాడైందో, రెండోది ఎలా కుదిరిందో, లెక్కలతో సహా.

ముందు ఒక మాట. తాగేవాళ్ల మీద ఇది కోపం వీడియో కాదు. మా గ్యాంగ్‌లో తాగేవాళ్లు ఉన్నారు, తాగనివాళ్లు ఉన్నారు. ఎవరిష్టం వాళ్లది. నేను మాట్లాడేది ఒక్క రోజు గురించి. ఆ రోజు ఎవరిది అనే దాని గురించి.

సరే, మొదటి కథ. 2022. నేను అప్పుడు గచ్చిబౌలిలో జాబ్ చేస్తున్నా. నా హాస్టల్ రూమ్‌మేట్, బీటెక్ నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం, దానికి పెళ్లి కుదిరింది. అబ్బాయి అమెరికాలో, డల్లాస్‌లో. నేను వెంటనే ప్రాజెక్ట్ మేనేజర్ అయిపోయాను. ఎక్సెల్ షీట్ ఓపెన్ చేశా. థీమ్, డ్రెస్ కోడ్, శాష్, టియారా, రీల్ కోసం ఎంట్రీ సాంగ్, ఒక పబ్‌లో టేబుల్ బుకింగ్. అన్నీ కాలమ్స్‌లో ఉన్నాయి. షీట్‌లో లేని కాలమ్ ఒక్కటే: పెళ్లికూతురికి ఏం కావాలి?

ఆ రోజు రాత్రి ఏం జరిగిందంటే, మ్యూజిక్ మోగుతోంది. మేం ఎగురుతున్నాం. అది ఒక మూల సోఫాలో టియారా పెట్టుకుని, చేతిలో మాక్‌టెయిల్ పట్టుకుని, ఫొటో తీసిన ప్రతిసారీ నవ్వుతోంది. ఫొటో అయిపోగానే నవ్వు ఆపేస్తోంది. మా ఇద్దరు ఫ్రెండ్స్ ఇంట్లో "ఆఫీస్ టీమ్ డిన్నర్" అని చెప్పి వచ్చారు. పది దాటిన దగ్గర్నుంచి వాళ్లు ఫోన్ వైపే చూస్తున్నారు. ఇంకొక అమ్మాయికి తన వాటా తొమ్మిది వేలు వచ్చింది. నవ్వుతూనే ఇచ్చింది. అది క్రెడిట్ కార్డ్ మీద ఈఎంఐ పెట్టి కట్టిందని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అప్పటికి తను మా గ్రూప్‌లో మాట్లాడటం తగ్గించేసింది.

ఇదంతా ఒక ఎత్తు. పెళ్లయిన ఎనిమిది నెలలకి రూమ్‌మేట్ డల్లాస్ నుంచి ఫోన్ చేసింది. మాకిక్కడ పొద్దున, దానికి అక్కడ రాత్రి. మాటల్లో చెప్పింది. హెచ్-4 వీసా మీద వెళ్లింది కదా, అక్కడ వెంటనే ఉద్యోగం చేయడానికి లేదు. భర్త గ్రీన్ కార్డ్ ప్రాసెస్ ఒక స్టేజ్ దాటితే కానీ వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవడానికి కూడా కుదరదు. ఇక్కడ టీమ్ లీడ్‌గా చేసిన పిల్ల అక్కడ ఖాళీగా కూర్చుంది. "నాకు పెళ్లికి ముందే భయంగా ఉండిందే. ఆ పార్టీ రోజు మీతో చెబుదామనుకున్నా. మ్యూజిక్‌లో కుదర్లేదు" అంది.

నేనేం మాట్లాడలేకపోయాను. మేం చెప్తే దాని వీసా మారేది కాదు. అది నాకు తెలుసు. కానీ ఒక మనిషి తన దగ్గరివాళ్లందరినీ ఒకే చోట చూసిన ఆఖరి రోజు అది. ఆ రోజు దాని నోట్లోంచి మాట బయటికి రాకుండా సౌండ్ పెట్టింది నేనే.

సో, ఇప్పుడు రెండో కథ. పోయిన ఏడాది. నా ఇంటర్ ఫ్రెండ్‌కి శ్రావణ మాసంలో పెళ్లి ముహూర్తం. మొత్తం ఏడుగురం. పెళ్లికూతురు, నేను, ఒక స్కూల్ టీచర్, ఒక బ్యాంక్ ఉద్యోగి, పీజీ చేస్తున్న డాక్టర్, పెళ్లై రెండేళ్లయిన ఒక ఫ్రెండ్, ఆ తర్వాత మా గ్యాంగ్‌లో పార్టీ అంటే ముందుండే ఒక ఫ్రెండ్. మందు లేదు అని నేను గ్రూప్‌లో మెసేజ్ పెట్టగానే ఈ లాస్ట్ అమ్మాయి రిప్లై ఏంటో తెలుసా? "మందు లేకపోతే అది బ్యాచిలరెట్ ఎలా అవుతుందే? సత్యనారాయణ వ్రతం అవుతుంది."

గ్రూప్ మొత్తం నవ్వే ఎమోజీలు. నేను కూడా నవ్వాను. తర్వాత దానికి పర్సనల్‌గా ఫోన్ చేశా. "నీకోసం ఇంకో రోజు వెళ్దాం, నేనే వస్తా. ఆ రోజు మాత్రం దానిది" అన్నాను. అంతే. పెద్ద లెక్చర్ ఏం ఇవ్వలేదు. మీ గ్యాంగ్‌లో కూడా ఇలాంటి ఒకరు ఉంటారు. గ్రూప్‌లో వాదించకండి. గ్రూప్‌లో వాదిస్తే అది పరువు సమస్య అయిపోతుంది. ఫోన్ చేయండి.

ఇప్పుడు ప్లానింగ్. నేను చేసిన మొదటి పని పెళ్లికూతుర్నే అడగడం. సర్‌ప్రైజ్ లేదు. మూడు ప్రశ్నలు అడిగా. ఎవరెవరు రావాలి? ఏది అస్సలు వద్దు? ఇంటికి ఎన్నింటికల్లా చేరాలి? చూడండి, "నీకేం కావాలి" అని అడిగితే మన అమ్మాయిలు "మీ ఇష్టం" అంటారు. "ఏది వద్దు" అని అడిగితే నిజం బయటికొస్తుంది. దాని ఆన్సర్: "టియారా వద్దు, డీజే వద్దు, ఫస్ట్ నైట్ జోకులు వద్దు. తొమ్మిదికి ఇంట్లో ఉండాలి."

రెండో పని డబ్బు. ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఎక్కువ ఫ్రెండ్‌షిప్‌లు పాడయ్యేది ఇక్కడే. వాట్సాప్‌లో పోల్ పెట్టకండి. అందులో ఎవరు ఏది నొక్కారో అందరికీ కనిపిస్తుంది. అందరూ 5,000 నొక్కాక 1,000 నొక్కడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? నేను గూగుల్ ఫామ్ పెట్టాను. ఈమెయిల్ కలెక్ట్ చేసే ఆప్షన్ ఆఫ్ చేశా, పేరు అడగలేదు. ఒక్కటే ప్రశ్న: "నొప్పి లేకుండా నువ్వు ఎంత పెట్టగలవు?"

ఆరుగురం ఫిల్ చేశాం. ఆన్సర్లు ఇవి: 5,000, 4,000, 3,000, 3,000, 2,000, 1,200. యావరేజ్ తీస్తే మూడు వేల పైన వస్తుంది. పాత నేనైతే మూడు వేలు ఫిక్స్ చేసేదాన్ని. కానీ యావరేజ్ అంటే ఏంటి? ఇద్దరికి భారం పెట్టి మిగతావాళ్లకి సుఖం ఇవ్వడం. అందుకే నేను యావరేజ్ తీయలేదు, మినిమమ్ తీసుకున్నా. 1,200. ఆ 1,200 ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలీదు. తెలియక్కర్లేదు.

ఆరుగురు, తలా 1,200, మొత్తం 7,200. పెళ్లికూతురు రూపాయి పెట్టలేదు. ఎక్కువ పెట్టగలిగినవాళ్లు ఏం చేయాలి? వాళ్లు పెళ్లికి గిఫ్ట్ కొంచెం పెద్దది ఇచ్చుకోవచ్చు. పార్టీలో మాత్రం అందరూ సమానం.

మూడోది డేట్. పెళ్లికి మూడు వారాల ముందు పెట్టాం. ముందు రోజో, ఆ వారంలోనో పెట్టకండి. పెళ్లికూతురికి అప్పుడు పార్లర్, పట్టుచీరల బ్లౌజులు, చుట్టాలు, సగం నిద్ర. పైగా మాది ఆషాఢం. ముహూర్తాలు ఉండవు కాబట్టి అందరికీ ఖాళీ. శనివారం పెట్టాం. ఆదివారం ఎందుకు వద్దనుకున్నామంటే, ఆషాఢంలో ఆదివారాలు సిటీలో బోనాలు. పాతబస్తీ వైపు వెళ్లాలంటే ట్రాఫిక్‌లోనే పార్టీ అయిపోతుంది. శుక్రవారం కూడా వద్దు, మేం వెళ్లాలనుకున్న చౌమహల్లా ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు.

టైమ్ పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిదిన్నర. పగలు పెట్టడం వల్ల ఏమైందంటే, ఎవరూ ఇంట్లో అబద్ధం చెప్పక్కర్లేకపోయింది. మా అమ్మ "నైట్ పార్టీ" అనే మాట వింటేనే పది ప్రశ్నలు వేస్తుంది. "చార్మినార్ వెళ్లి గాజులు కొనుక్కుని, ఫ్రెండ్ ఇంట్లో గోరింటాకు పెట్టుకుంటాం" అంటే "నాకూ ఒక జత తీసుకురావే" అంది. అబద్ధం చెప్పి వచ్చిన మనిషి పార్టీలో సగమే ఉంటుంది. మిగతా సగం ఇంటి గుమ్మం దగ్గరే ఉంటుంది.

ఇక ఆ రోజు. అందరం మెట్రోలో వెళ్లాం. రాయదుర్గం వైపు నుంచి వచ్చేవాళ్లు బ్లూ లైన్‌లో అమీర్‌పేట్ వచ్చి రెడ్ లైన్ మారాలి, మియాపూర్, కూకట్‌పల్లి వైపు వాళ్లకి రెడ్ లైన్ డైరెక్ట్. ఎంజీబీఎస్‌లో దిగి, అక్కడ్నుంచి ఆటో. బండి నడిపే బాధ లేదు, పార్కింగ్ గొడవ లేదు.

ముందు చౌమహల్లా. నిజాంల ప్యాలెస్ ఇది. దర్బార్ హాల్‌లో పైన 19 పెద్ద షాండ్లియర్లు ఉంటాయి, బెల్జియం క్రిస్టల్‌వి. మేమంతా హైదరాబాద్‌లో ఏళ్లుగా ఉంటున్నాం. మాలో నలుగురు అక్కడికి ఎప్పుడూ వెళ్లలేదు. స్కూల్ పిక్నిక్‌లా తిరిగాం. మా టీచర్ ఫ్రెండ్ అలవాటుగా మమ్మల్ని తలకాయలు లెక్కపెట్టింది. ఆరుగురే వచ్చారని కంగారు పడింది. తనని తాను లెక్కపెట్టుకోలేదు.

అక్కడ్నుంచి నడుచుకుంటూ లాడ్ బజార్. చార్మినార్ పక్క వీధే. 1591లో కట్టిన చార్మినార్ ఎంత ఫేమసో, ఈ లక్క గాజులూ అంతే. వీటికి 2024లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. మామూలుగా మనం షాపులో గాజులు చూసి బేరం ఆడి వచ్చేస్తాం. ఈసారి తయారు చేసే చోట కాసేపు నిలబడి చూశాం. బొగ్గుల మీద లక్కని వేడి చేసి, మెత్తబడ్డాక సాగదీసి, చుట్టి, ఇంకా వేడిగా ఉండగానే రాళ్లు ఒక్కొక్కటీ అద్దుతారు. చల్లారిందంటే రాయి పట్టదు. పెళ్లికూతురి చేయి సైజ్ చూసి అక్కడికక్కడే ఒక సెట్ చేసిచ్చారు. అది మా గిఫ్ట్. మిగతావాళ్లం తలా ఒక సింపుల్ జత కొనుక్కున్నాం. శాష్, టియారా అయితే మర్నాడు చెత్తబుట్టలో ఉండేవి. ఈ గాజులు దాని పెళ్లి ఫొటోల్లో ఉన్నాయి.

ఆ తర్వాత బిర్యానీ. దీని గురించి నేను మాట్లాడితే కామెంట్లలో యుద్ధం అవుతుంది, వద్దు. తర్వాత చార్మినార్ పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. సరిగ్గా అప్పుడే వర్షం. జులై కదా. ఏడుగురం ఒక షెడ్ కింద ముప్పావు గంట ఇరుక్కుపోయాం. నేను టెన్షన్. షెడ్యూల్ లేట్ అవుతోంది అని వాచ్ చూస్తున్నా. పెళ్లికూతురు నా చేయి పట్టుకుని "ఒసేయ్, ఇదే పార్టీ. వాచ్ చూడకు" అంది. నాలో ఇంకా పాత ప్రాజెక్ట్ మేనేజర్ చావలేదన్నమాట.

సాయంత్రం కూకట్‌పల్లిలో మా బ్యాంక్ ఫ్రెండ్ ఫ్లాట్. టెర్రస్ మీద అనుకున్నాం, వర్షం వల్ల హాల్లోకి మార్చాం. వర్షాకాలంలో ప్లాన్ చేస్తే లోపల ఒక చోటు రెడీగా పెట్టుకోండి. పాటలు పెట్టుకున్నా, రాత్రి పది దాటాక లౌడ్ స్పీకర్లు పెట్టకూడదని రూల్ ఉంది. మాది ఎనిమిదిన్నరకే క్లోజ్ కాబట్టి పక్కింటి అంకుల్‌తో గొడవే రాలేదు.

డ్రింక్స్ అంటారా? పానకం. నవ్వకండి. లీటర్ నీళ్లకి 200 గ్రాముల బెల్లం, మిరియాల పొడి, యాలకులు, కొంచెం శొంఠి, నిమ్మరసం, బోలెడు ఐస్. పొడుగు గాజు గ్లాసుల్లో పోసి పైన పుదీనా వేసి ఇస్తే, మా పార్టీ ఫ్రెండ్ ఒక గుక్క తాగి "ఇది ఏ బార్‌లోనైనా 400 రూపాయలకి అమ్ముతారే" అంది. ఇంకా సుగంధి షర్బత్, సబ్జా గింజలతో నిమ్మసోడా. ఒక జాగ్రత్త చెప్తాను. నాన్ ఆల్కహాలిక్ బీర్ అని తెచ్చేవాళ్లు లేబుల్ చదవండి. కొన్నింట్లో 0.5 శాతం వరకు ఆల్కహాల్ ఉండొచ్చు. మతం వల్లో, మందుల వల్లో, కడుపుతో ఉండటం వల్లో అస్సలు తీసుకోకూడదనుకునేవాళ్లకి అది ముఖ్యం.

కడుపుతో ఉండటం అన్నాను కదా. మాలో పెళ్లైన ఫ్రెండ్‌కి అప్పుడు రెండో నెల. ఇంకా ఎవరికీ చెప్పలేదు. చాలా ఇళ్లలో మూడో నెల దాటేదాకా చెప్పరు. తర్వాత నాతో అంది, "పబ్ అయితే నేను ఏదో సాకు చెప్పి మానేసేదాన్నే. ఎందుకు తాగట్లేదు అని అడుగుతారు, ఏం చెప్పాలి?" అని. చూశారా? మందు లేకపోవడం వల్ల ఆ రోజు ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. నా దృష్టిలో మందు లేని పార్టీకి అసలు లాభం అది. తాగనివాళ్లు ఎందుకు తాగరో చెప్పక్కర్లేదు. టాబ్లెట్లు వాడుతుండొచ్చు, ఇంట్లో నాన్న తాగి చేసిన గొడవలు చూసి ఉండొచ్చు, ఊరికే ఇష్టం లేకపోవచ్చు. ఆ ప్రశ్నే రాదు.

ఇక గోరింటాకు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడం మనకి ఎలాగూ ఉన్నదే కదా. కోన్ కొందామని నేనన్నాను. మా డాక్టర్ ఫ్రెండ్ వద్దంది. ఎందుకో మీరు కూడా తెలుసుకోండి, ఇది పెళ్లికూతుళ్లందరికీ పనికొచ్చే విషయం. బ్లాక్ మెహందీ, ఇన్‌స్టంట్ మెహందీ అని అమ్మేవాటిలో కొన్నింట్లో పీపీడీ అనే కెమికల్ ఉంటుంది, హెయిర్ డైలో వాడేది. కొందరికి చర్మం కాలినట్టు బొబ్బలు వస్తాయి, మచ్చలు కూడా ఉండిపోవచ్చు. అసలు గోరింటాకు నల్లగా పండదు. ముందు నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజుల్లో ముదురు ఎరుపు గోధుమ రంగులోకి వస్తుంది. పది నిమిషాల్లో నల్లగా పండుతుంది అన్నారంటే అనుమానించాల్సిందే. పెళ్లికి ముందు ఏ కొత్త క్రీమ్ అయినా, మెహందీ అయినా చిన్నగా చేతి మీద పెట్టి ఒకటి రెండు రోజులు చూసుకోండి.

సో, ఆకే తెచ్చాం. బ్యాంక్ ఫ్రెండ్ వాళ్ల అపార్ట్‌మెంట్ వెనక చెట్టు ఉంది. వాచ్‌మన్ భార్య కోసిచ్చింది, తనకీ రెండు ముద్దలు పంపించాం. మిక్సీలో కొంచెం చింతపండు వేసి రుబ్బింది ఎవరో తెలుసా? సత్యనారాయణ వ్రతం అన్న మా పార్టీ ఫ్రెండే. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకి టోపీలు. మా అమ్మమ్మల డిజైన్. మూడు వారాల టైమ్ ఉంది కాబట్టి పెళ్లి మెహందీకి అడ్డం రాదు, చర్మం మీద రంగు అప్పటికి పోతుంది, గోళ్ల మీద మాత్రం ఉంటుంది.

ఇక్కడ నేను అనుకోనిది జరిగింది. రెండు చేతులకీ గోరింటాకు పెట్టుకున్నాక ఏం చేయలేం కదా. ఫోన్ పట్టుకోలేం. రీల్ తీయలేం. నోటిఫికేషన్ వస్తే చూడలేం. నేను ఎన్నో డిజిటల్ డిటాక్స్ యాప్‌లు ట్రై చేశాను. గోరింటాకు లాంటి ఫోన్ లాక్ ఎక్కడా చూడలేదు. ఆరుగురం గోడకి ఆనుకుని, చేతులు గాల్లో పెట్టుకుని కూర్చున్నాం. డాక్టర్‌కి మర్నాడు డ్యూటీ కాబట్టి తను పెట్టుకోలేదు. తనే పులిహోర, పెరుగన్నం ముద్దలు కలిపి అందరికీ నోట్లో పెట్టింది. చివరిసారి నాకు ముద్దలు పెట్టింది ఎవరో కూడా గుర్తు లేదు.

అప్పుడు మొదలైంది మాట్లాడటం. ఏ గేమూ లేదు, ట్రూత్ ఆర్ డేర్ లేదు. కాసేపు ఇంటర్ లెక్చరర్ల మీద జోకులు. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ గ్యాప్‌లో పెళ్లికూతురు మెల్లగా అంది: "మా నాన్నకి నెలనెలా నేనే డబ్బు పంపుతా కదే. పెళ్లయ్యాక కూడా పంపాలి. ఆయనతో ఇంకా చెప్పలేదు. చెప్తే ఏమంటాడో అని భయం."

మొదటి పార్టీలో ఇదే మాట వస్తే ఎవరికి వినపడేది?

మేం వెంటనే సలహాలు ఇవ్వలేదు. అంటే, నేను ఇవ్వబోయాను. టీచర్ నన్ను కాలితో తన్నింది, చేతులు ఖాళీ లేవు కదా. పెళ్లైన ఫ్రెండ్ మాత్రం తన సంగతి చెప్పింది. "నేను పెళ్లయ్యాక చెప్పానే. దాచిపెట్టావు అనే మాట పడ్డాను. డబ్బుకంటే అదే ఎక్కువ గొడవైంది. నువ్వు ముందే చెప్పు. పర్మిషన్ అడిగినట్టు కాదు, విషయం చెప్పినట్టు చెప్పు." అంతే. ఇంకెవరూ ఏం కలపలేదు. కాసేపటికి అది ఏడ్చింది. దాంతో పాటు మా పార్టీ ఫ్రెండ్ కూడా ఏడ్చింది. ఇద్దరూ కళ్లు తుడుచుకోవడానికి లేదు, చేతులకి గోరింటాకు. డాక్టర్ టిష్యూ పట్టుకుని అందరి ముక్కులూ తుడుస్తూ తిరిగింది. ఏడుపులో నవ్వులు మొదలయ్యాయి.

ఆ వారంలోనే అది ఆ అబ్బాయితో మాట్లాడింది. సినిమాలోలాగా ఆయన వెంటనే "నీ నాన్న నా నాన్న కాదా" అనలేదు. కొంచెం ఇబ్బంది పడ్డాడట. రెండు మూడు రోజులు మాట్లాడుకున్నారట. ఎంత పంపాలో, ఇంటి ఖర్చు ఎలా పంచుకోవాలో ఒక లెక్కకి వచ్చారట. పెళ్లి జరిగింది. ఇప్పుడు నెలనెలా పంపుతోంది. ఆ మాట పెళ్లికి ముందు బయటికి వచ్చింది, అది చాలు.

ఖర్చు చెప్తానన్నాను కదా, రాసుకోండి. ప్యాలెస్ టికెట్లు, మెట్రో, ఆటోలు అన్నీ కలిపి 1,500. బిర్యానీ 2,100. చాయ్ బిస్కెట్లు 250. గాజులు మొత్తం 1,600. ఇంట్లో తిండి, పానకం సామాన్లు 1,000. పూలు 300. మొత్తం 6,750. మిగిలిన 450కి ఐస్‌క్రీమ్. సున్నా బ్యాలెన్స్. ఎవరికీ ఎవరూ బాకీ లేరు.

రెండు చిన్న జాగ్రత్తలు. ఒకటి, ఫొటోలు. సాయంత్రం వరకు ఒక్కరే ఫొటోలు తీశారు, పెళ్లికూతురు ఓకే అన్నవే పోస్ట్ చేశాం. క్లోజ్ ఫ్రెండ్స్ స్టోరీ అని ధీమా వద్దు, స్క్రీన్‌షాట్ ఎక్కడికైనా పోతుంది. పెళ్లి ముందు అటు చుట్టాలు, ఇటు చుట్టాలు అందరూ దాని ప్రొఫైల్ మీదే ఉంటారు. రెండు, ఇంటికి చేరడం. క్యాబ్‌లో వెళ్లేవాళ్లు లైవ్ లొకేషన్ గ్రూప్‌లో పెట్టాలి, చేరాక మెసేజ్ పెట్టాలి. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సర్వీస్ ఉంది, ప్రయాణాన్ని ట్రాక్ చేస్తుంది. ఎమర్జెన్సీ అయితే 112. చివరి మనిషి "రీచ్డ్" అని పెట్టేదాకా ప్లాన్ చేసినవాళ్ల డ్యూటీ అయిపోనట్టే.

మా ప్లాన్‌నే కాపీ కొట్టమని నేను చెప్పట్లేదు. మీ ఫ్రెండ్‌కి నడవడం ఇష్టమైతే పొద్దున్నే గోల్కొండ ఎక్కండి, కింద చప్పట్లు కొడితే పైన వినపడుతుంది కదా, పేర్లు పెట్టి అరుచుకోండి. పుస్తకాలు, నాటకాలు ఇష్టమైతే బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది, చాయ్ తాగుతూ గంటలు కూర్చోవచ్చు. సినిమా పిచ్చి ఉంటే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మార్నింగ్ షో. విజయవాడ వాళ్లకి భవానీ ఐలాండ్, వైజాగ్ వాళ్లకి కైలాసగిరి, బీచ్. చోటు ఏదైనా పర్వాలేదు. కానీ రోజులో ఒక రెండు గంటలు ఏ ప్రోగ్రామూ లేకుండా ఖాళీగా వదిలేయండి. చేతులు ఖాళీ లేకుండా, నోరు మాత్రం ఖాళీగా ఉండేలా ఏదో ఒకటి. గోరింటాకు, పూలమాలలు కట్టడం, మట్టితో బొమ్మలు చేయడం, ఏదైనా. అసలు పార్టీ అప్పుడే జరుగుతుంది.

కొందరు అడుగుతారు, మనకి నలుగు పెట్టడం, పెళ్లికూతుర్ని చేయడం ఉన్నాయి కదా, ఇంకా ఇదెందుకు అని. అవి కావాలి. కానీ అక్కడ పెళ్లికూతురు పీట మీద బొమ్మలా కూర్చుంటుంది. అందరూ దాన్ని చూస్తారు, ఎవరూ దాన్ని వినరు. ఫ్రెండ్స్ మధ్య ఒక్క రోజు అది మాట్లాడాలి, మనం వినాలి.

ఆ రోజు రాత్రి వెళ్లేటప్పుడు మా పార్టీ ఫ్రెండ్ చెప్పులు వేసుకుంటూ నా వైపు చూసి ఏమందో తెలుసా? "వ్రతం బాగా జరిగిందే. నాకు పెళ్లి కుదిరితే నాకూ ఇదే చేయించు."

డల్లాస్ రూమ్‌మేట్‌కి ఈ సంగతి మొత్తం ఫోన్‌లో చెప్పాను. చాలాసేపు విని, "నేను ఇండియా వచ్చినప్పుడు నాకు కూడా పెట్టవే గోరింటాకు. పెళ్లైపోయింది కదా అని వదిలేయకు" అంది. ఈ డిసెంబర్‌లో వస్తోంది. ఆ రోజు తొమ్మిది వేలు కట్టిన అమ్మాయిని కూడా పిలిచాను. ముందు సారీ చెప్పి, తర్వాత పిలిచాను. వస్తానంది.

కామెంట్ పెట్టిన చెల్లీ, ఇది నీకోసమే. బోర్ కొట్టదు. ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేసి "నీకు ఏది వద్దు" అని అడుగు. అక్కడ్నుంచి మొదలుపెట్టు. ఎలా జరిగిందో వచ్చి నాకు చెప్పు.

మిగతావాళ్లు కూడా, మీరు ఇలాంటి పార్టీ ఏదైనా చేసుంటే కామెంట్‌లో రాయండి. ఈ ఎపిసోడ్‌ని మీ గ్యాంగ్‌లో ఆ ఎక్సెల్ షీట్ ఓపెన్ చేసే అమ్మాయికి పంపించండి. ఎవరో మీకు తెలుసు. మళ్లీ వచ్చే వారం కలుద్దాం. ఉంటాను, బై.